సోమన్న తుపాకీ, సన్యాసిరావు గారి సవరణ

కిందటి వారం మంగళవారం ఉదయం నాతవరం నుంచి నర్సీపట్నం వచ్చే షేర్ ఆటోలో ఉన్నాను. ఒళ్లో నా బ్యాగు, దాని మీద పక్కావిడ ఆనపకాయల సంచి. విలేకరుల వాట్సాప్ గ్రూపు మోగింది. సీనియర్ పాత్రికేయులు సన్యాసిరావు గారు కొద్దిసేపటి క్రితం తుదిశ్వాస విడిచారని ఎవరో పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను ఆ ఒక్క వాక్యాన్నే పదిసార్లు చదివాను. నమ్మకం కుదరలేదు. ముందటి రోజు సాయంత్రమే ఫోన్లో నన్ను తిట్టిన మనిషి ఆయన. పక్కావిడ నా మొహం చూసి, ఏమైందమ్మా అని అడిగితే మా గురువుగారు పోయారండీ అన్నాను. ఆ మాట నోటితో అన్నాక గానీ ఏడుపు రాలేదు.

చావు వార్తల్లో 'తుదిశ్వాస', 'తీరని లోటు', 'దిగ్భ్రాంతి' కనిపిస్తే ఆయన ఎర్రపెన్ను తీసేవారు. చనిపోయారని రాయడానికి ఏం నొప్పి అనేవారు. కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నాను. సన్యాసిరావు గారు చనిపోయారు. గుండె జబ్బుతో, తన ఇంట్లో, పేపరు చదువుతూ చనిపోయారు. భార్య సత్యవతి గారు కాఫీ తెచ్చేసరికి పేపరు ఒళ్లో ఉందట, కళ్లజోడు ముక్కు మీదే ఉందట. లోపలి పేజీలో ఒక శీర్షిక కింద పెన్నుతో గీత కూడా గీసి ఉంది.

తెలియనివారి కోసం చెబుతాను. సన్యాసిరావు గారు మా నర్సీపట్నంలో ముప్పై ఏళ్లకు పైగా ఒకే దినపత్రికకు విలేకరి. ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గరలో, ఒక ఫొటో స్టూడియో మీద ఉన్న చిన్న గది ఆయన ఆఫీసు. ఒక బల్ల, రెండు కుర్చీలు, వానొస్తే కారే కప్పు. ఈ చుట్టుపక్కల మండలాల్లో ఇవాళ వార్తలు రాస్తున్నవాళ్లలో సగం మంది ఆ కుర్చీలో కూర్చుని అక్షింతలు వేయించుకున్నవాళ్లే. సన్నటి మనిషి, పొట్టి చేతుల తెల్లచొక్కా, జేబు దగ్గర ఎప్పుడూ ఒక సిరామరక. నెమ్మదిగా మాట్లాడేవారు. నెమ్మదిగా తిట్టేవారు కూడా, అందుకని ఆ తిట్లు చాలాసేపు నడిచేవి.

ఆయనకు రెండు నియమాలుండేవి. మొదటిది, కంటితో చూడని వస్తువుకు పేరు పెట్టకూడదు. రెండోది, వార్త పంపేముందు అది ఎవరి గురించో వాళ్లకు, వాళ్లు దొరక్కపోతే వాళ్ల ఇంటివాళ్లకు, చదివి వినిపించాలి. అనుమతి కోసం కాదు, వాళ్ల చెవికి ఎలా వినిపిస్తుందో మనం తెలుసుకోవడం కోసం. పత్రికల్లో ఇలాంటి పద్ధతి ఎక్కడా లేదు. దొంగతనం వార్తని దొంగకి వినిపిస్తార్రా అని తోటి విలేకరులు నవ్వుకునేవారు. ఆయన నిజంగానే ఓసారి స్టేషన్ కటకటాల బయట నిలబడి వినిపించారు. ఆ దొంగ శ్రద్ధగా విని, పోయింది రెండు మేకలు కాదండీ ఒకటే అని దిద్దాడట.

మిగతా వార్తల్లో ఎంత పట్టుదలో, తుపాకీ వార్త అయితే దానికి పదింతలు. మన్యం మా గుమ్మంలోనే ఉంది. పైన కొండల్లో పంట కాపలాకి నాటు తుపాకులు, కింద పల్లాల్లో పెద్ద రైతుల ఇళ్లలో లైసెన్సు తుపాకులు, బ్యాంకు గేటు దగ్గర గార్డు తుపాకీ. చూసే కంటిని బట్టి వీటి పేర్లు మారిపోతాయని ఆయన మాకు మొదటి రోజే చెప్పేవారు. పెద్దింటి గోడమీద ఉంటే 'తాతల నాటి తుపాకీ', కొండవాడి చేతిలో ఉంటే 'మారణాయుధం'. రెండూ ఇనప గొట్టాలే, రెండూ మనిషిని చంపగలవు. చదివేవాడికి మాత్రం మొదటిదాని మీద గౌరవం, రెండోదాని మీద భయం. ఆ భయం తుపాకీలోంచి వచ్చిందా, మన పెన్నులోంచి వచ్చిందా చూసుకోండని అనేవారు.

నా సంగతే చెబుతాను. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఎన్నికలొచ్చాయి. ఎన్నికల ముందు లైసెన్సు ఉన్నవాళ్లంతా తమ తుపాకులు స్టేషన్‌లో అప్పగించి, అయిపోయాక తెచ్చుకోవడం మామూలు. నాకు ఆ సంగతి తెలియదు. ఏదో పనిమీద ఒక స్టేషన్‌కి వెళ్తే, గదిలో మూల బెంచీ మీద తుపాకులు వరసగా పేర్చి ఉన్నాయి. పెద్ద వార్తే దొరికింది. ఎవరినీ అడగకుండా బయటికొచ్చి, భారీగా ఆయుధాలు స్వాధీనం అని రాసేశాను. చూశాను కదా, మొదటి నియమం పాటించినట్టే అనుకున్నాను. సన్యాసిరావు గారు ఆ కాగితం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"స్వాధీనమేటమ్మా? ఆళ్లు సైకిలు మీద, మోటారు సైకిలు మీద తెచ్చి, సంతకం పెట్టి ఇచ్చేసి ఎల్లేరు. నువ్వు తుపాకులు సూసేవు గానీ, తెచ్చినోళ్లని సూణ్ణేదు."

ఆ మర్నాడు నన్ను ఒక రిటైరైన సుబేదారు గారింటికి పంపారు. ఆ బెంచీ మీద ఆయన తుపాకీ కూడా ఉంది. నేను రాసింది ఆయనకు చదివి వినిపించాలి. రెండో నియమం. ఆయన మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, మొత్తం విని, 'అంటే అమ్మా, నన్ను కూడా పట్టుకున్నారా' అని ఎంతో మర్యాదగా అడిగారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మజ్జిగ ఎలా తాగానో నాకే తెలియదు.

అలాగని తుపాకీని తక్కువ చేసి రాస్తే ఒప్పుకునేవారనుకుంటే పొరపాటే. రావికమతం వైపు ఒక జీడితోటలో పంది అనుకుని మనిషిని కాల్చేసిన ఘటన జరిగింది. అక్కడి విలేకరి 'ప్రమాదవశాత్తూ నాటు తుపాకీ పేలి' అని రాసుకొచ్చాడు. సన్యాసిరావు గారు దానిమీద అతన్ని గంటసేపు కూర్చోబెట్టారు. పేలింది అని రాస్తే అక్కడ మనిషి లేనట్టే, దానంతటదే పేలినట్టు. ఒకడు గురిపెట్టాడు, ఒకడు పేల్చాడు, ఒకడు చచ్చిపోయాడు. పేల్చినవాడికి చంపే ఉద్దేశం లేదని రాయి, అది నిజం. పేల్చలేదన్నట్టు మాత్రం రాయకు, చచ్చిపోయినవాడి పెళ్లాం రేపు చదువుతుంది. ఇలా చెప్పారు. 'గర్జించిన తుపాకీ' అని ఎవరైనా శీర్షిక పెడితే, గర్జించడానికి అదేమైనా పులేటి అని అడిగేవారు.

ఒక పెళ్లి ఊరేగింపులో ఇక్కడి పలుకుబడి గల జీడి వ్యాపారి ఒకాయన తన రెండు గొట్టాల తుపాకీతో గాల్లోకి కాల్చాడు. పందిరి చిరిగింది, ఒక ముసలావిడ కింద పడి చెయ్యి విరిగింది. మిగతా విలేకరులందరూ 'పెళ్లి సంబరాల్లో అపశ్రుతి' అన్నారు. ఈయన ఒక్కరే, జనం మధ్య తుపాకీ కాల్చిన వ్యాపారి అని పేరుతో సహా రాశారు. రాసేముందు ఆ వ్యాపారికి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించారు. అవతల నుంచి కేకలు నాకు కూడా వినిపించాయి. సరదాకి కాల్చింది కదా, సరదా అని రాయొచ్చుగా అని ఆయన గోల. గురువుగారు ఓపిగ్గా విని, ఆ మాట మీరన్నట్టుగానే వేస్తాను, ఆ ముసలావిడ ఏమందో కూడా పక్కనే వేస్తాను అన్నారు. వేశారు కూడా. ఆ తర్వాత రెండేళ్లు ఆ వ్యాపారి పత్రికకి ప్రకటన ఇవ్వలేదు.

ఇంత ఖచ్చితం ఎక్కడి నుంచి వచ్చిందని నేనొకసారి అడిగాను. ఆయన బల్ల సొరుగులోంచి ఒక పాత పేపరు ముక్క తీసి నా ముందు పెట్టారు. పసుపుపచ్చబడి, మడతల దగ్గర చిరిగి ఉంది. 'సాయుధుడి అరెస్టు' అని మొదటి పేజీలో పెద్ద శీర్షిక. కింద, వార్త ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పే డేట్‌లైన్‌లో నర్సీపట్నం. అంటే ఆయన వార్తే.

నేను పలక పట్టిన రోజుల నాటి సంగతి అది. ఆయన కొత్త విలేకరి. కొండమీద ఒక చిన్న గూడెంలో సోమన్న అనే గిరిజన రైతు లైసెన్సు లేని నాటు తుపాకీతో పట్టుబడ్డాడు. అప్పట్లో వార్తలు కవర్లో పెట్టి విశాఖ బస్సు డ్రైవరుకిచ్చి పంపేవారు. మూడింటి బస్సు దాటితే మర్నాటి పేపర్లో రాదు. ఆయనకు అందిన సమాచారంలో ఉన్నది ఒక్క ముక్క, నాటు తుపాకీ ఒకటి. అలా రాస్తే లోపలి పేజీలో నాలుగు లైన్లు. అందుకని 'మారణాయుధాలతో సంచరిస్తున్న వ్యక్తి' అని రాశారు. ఒకటి, అనేకం అయింది. తుపాకీ, మారణాయుధం అయింది. కాపలా కాయడం, సంచరించడం అయింది. ఇవి మాకు తెలిసిన మంత్రాలు, ఈ ప్రాంతం విలేకరులు ఎవరైనా ఒప్పుకుంటారు. విశాఖలో డెస్కువాళ్లు, అంటే వార్తలు దిద్ది శీర్షికలు పెట్టేవాళ్లు, దానికి ఇంకొంచెం రంగు పూసి మొదటి పేజీకి ఎక్కించారు. ఆ రోజు సన్యాసిరావు గారు టీకొట్టు దగ్గర అందరికీ టీ పోయించారట.

కొన్ని నెలలకు సోమన్న బెయిలు మీద బయటికొచ్చాడు. తరతరాలుగా వాళ్ల పసుపు కొనే షావుకారు సంతలో మొహం తిప్పుకున్నాడు. జీపు డ్రైవర్లు ఎక్కించుకోలేదు. ఆయుధాల సోమన్న అని ఓ పేరు స్థిరపడింది. ఆశ్రమ పాఠశాలలో చదువుకునే కూతుర్ని తోటిపిల్లలు ఆయుధాలోడి కూతురా అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల ఐదో తరగతిలో బడి మానేసి ఇంటికొచ్చేసింది. అప్పుడు సోమన్న ఆ పేపరు ముక్క పట్టుకుని కొండ దిగి, దారి అడుగుతూ అడుగుతూ ఈ గది వెతుక్కుంటూ వచ్చాడు. కోపంగా రాలేదని గురువుగారు చెప్పారు. ఒకే ప్రశ్న అడిగాడట.

"నువ్వు నా తుపాకీ సూసినావా బాబూ?"

చూడలేదు. ఆ మాటే చెప్పారు. ఆ తర్వాతి ఆదివారం బస్సెక్కి, దిగాక కొండ నడిచి సోమన్న ఇంటికి వెళ్లారు. తుపాకీ ఎలాగూ కోర్టులో ఉంది. గోడకి అది తగిలించే రెండు కర్రమేకులు మాత్రం ఉన్నాయి. సోమన్న చిన్నాన్నది అలాంటిదే ఇంకొకటి ఉంటే చూపించారు. గొట్టానికి ఇనప తీగ చుట్టి ఉంది. మందు కూరి, పీచు కూరి, మళ్లీ కర్రతో కూరి, మూడుసార్లు ట్రిగ్గర్ నొక్కితే ఒకసారి పేలుతుంది. ఇంటి వెనక సామ చేను చూపించారు. కాపలా లేక పందులు దొర్లేసి నేలమట్టం చేశాయి. తిరిగొచ్చాక ఆయన మూడు రోజులు ఏ వార్తా రాయలేదని సత్యవతి గారు నాతో చెప్పారు. రెండు నియమాలూ ఆ మూడు రోజుల్లో పుట్టాయి.

ఆ రోజు నుంచి ఒకటే పట్టు, ఆ వార్తకి సవరణ వేయించాలని. డెస్కుకి ఉత్తరం రాశారు, జవాబు లేదు. విశాఖ వెళ్లి అడిగారు. కేసు నడుస్తుండగా ఎలా వేస్తామన్నారు. కొన్నేళ్లకు కోర్టు కేసు కొట్టేసింది. ఆ సంగతి వార్తగా పంపారు, రాలేదు. పట్టుకున్న వార్తకి ఉండే చోటు వదిలేసిన వార్తకి ఉండదు. మళ్లీ అడిగితే పాతబడిపోయింది కదండీ అన్నారు. ఎడిటర్లు మారారు, ఏటా ఆయన రాసే ఉత్తరం మాత్రం మారలేదు. ఏటా సోమన్న పంట ఇంటికొచ్చాక ఇంత పసుపు పట్టుకుని కిందికి దిగేవాడు. ఏసినారా బాబూ అని అడిగేవాడు. లేదు సోమన్నా అని ఈయన చెప్పేవారు. ఇద్దరూ అన్నం తిని, ఏవో ఊసులాడుకుని, అతను వెళ్లిపోయేవాడు. ఆ రోజు మాత్రం గురువుగారు ఎవరినీ తిట్టేవారు కాదు.

అంత పాత సంగతికి ఇంత బాధెందుకండీ, ఆ శీర్షిక మీరు పెట్టింది కూడా కాదు కదా అని నేనన్నాను ఒకసారి. ఆయన మొహం ఎర్రబడింది.

"కవరు బస్సులో ఏసింది నేనే కదమ్మా. అది నా నేరం. దానికి బెయిలు నేదు."

చివరి రోజుల్లో మెట్లెక్కలేక ఆఫీసుకి రావడం మానేశారు. నేను సాయంత్రాలు వాళ్లింటికి వెళ్లి ఆ రోజు పంపబోయే వార్తలు చదివి వినిపించేదాన్ని. పోయేముందటి సాయంత్రం ఫోన్ చేసి, ఎడిటర్ని సవరణ గురించి అడిగావా అన్నారు. ఈ వారం అడుగుతానండీ అన్నాను. వారం వారం అంటావు, నాకు వారాలున్నాయేటి అని తిట్టారు. నేను నవ్వేశాను.

ఆయన పోయాక సంస్మరణ రాయమని ఎడిటర్ గారే అడిగారు. రాస్తాను, అందులో సవరణ కూడా ఉంటుంది, అది తీసేస్తే వ్యాసమే వద్దు అన్నాను. సరే, రాయమన్నారు. కాబట్టి ఈ పత్రిక చాలా ఏళ్లుగా వేయకుండా ఉంచిన నాలుగు మాటలు ఇవి. కొండ గూడేనికి చెందిన రైతు సోమన్న గారు మారణాయుధాలతో సంచరిస్తూ పట్టుబడ్డారని గతంలో ప్రచురించాం. ఆయన దగ్గర ఉన్నది తండ్రి ఇచ్చిన నాటు తుపాకీ ఒకటి. దానికి లైసెన్సు లేని మాట నిజం. పందుల నుంచి చేను కాచుకోవడానికి తప్ప ఆయన దాన్ని దేనికీ వాడలేదు. కేసును కోర్టు కొట్టివేసింది. ఆయన సాయుధుడు కాదు, రైతు. మా రాత వల్ల ఆయనకు, ఆయన కుటుంబానికి జరిగిన నష్టానికి చింతిస్తున్నాం.

నిన్న పెద్దకర్మకి సోమన్న గారు కూతురితో వచ్చారు. ఆమెకిప్పుడు నా కంటే నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటాయి. భోజనాలయ్యాక వీధి అరుగు మీద వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, ఈ వ్యాసం మొదటి నుంచి ఇక్కడిదాకా చదివి వినిపించాను. సవరణ దగ్గరకొచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకోసారి చదవమంది, చదివాను. సోమన్న గారు మాత్రం తల వంచుకుని ఏదో ఆలోచిస్తూ కూర్చున్నారు. బాగోలేదా అని అడిగాను.

"నాది బాగున్నాది తల్లీ. ఆయనది బాగోనేదు. ఆ వార్తని నువ్వు మూడు తావుల ఆయన నేరం అని రాసినావు. ఆయన నోటితో అన్నది ఆయనిష్టం, అదుండనీ. నువ్వు రాసింది తీసీ. జైలుకెల్లినోణ్ణి, నేరమంటే ఏటో నాకెరుకే. ఆయన సేసింది తప్పు. తప్పని రాయి."

అక్కడే ఫోను తెరిచి మూడు చోట్లా తీసేశాను. వార్త పంపేముందు మాటను చెవితో చూసిపెట్టే మనిషి మాకింక లేరని ఈ పన్నెండు రోజులుగా కుమిలిపోతున్నాను. ఆయనంతటివాళ్లం మేమెవరం కాలేం, ఆ ఖాళీ ఖాళీగానే ఉంటుంది. గురువుగారూ, మీరు చాలా ఏళ్ల క్రితం ఒక తప్పు చేశారు. సోమన్న గారు చెప్పిన మాటే వేస్తున్నాం.